ఎవరూ ముట్టని సీసా

"ఆ షీటు ఇటివ్వు," అన్నాడు భర్త, అరచెయ్యి చాచి.

ఆమె దిగులు తగ్గడానికి వాడే మాత్రల షీటును గుప్పిట్లో బిగించి, ఆ గుప్పిటను వీపు వెనక దాచుకుంది. పెళ్లయి నలభై రోజులు. ఈ నలభై రోజుల్లో అతను అడిగింది ఆమె ఏదీ కాదనలేదు. అడిగినవి కూడా అలాంటివే మరి, ఇంకో కప్పు కాఫీ, ఇంకో అరగంట కబుర్లు.

"డాక్టరమ్మ ఇంకో ఆరు నెలలు వాడమంది. తనకు చెప్పకుండా మానొద్దంది," అంది.

"అలవాటైపోతాయే. తర్వాత ఆ మాత్ర పడందే నవ్వు కూడా రాదు."

"నాకు నవ్వు రాదని ఎవరన్నారు? నిన్న నువ్వు చొక్కా తిరగేసి తొడుక్కుని షాపుకెళ్లావని తెలిసి గంటసేపు నవ్వాను."

కిటికీ దగ్గర అత్తగారి కుట్టుమిషను ఒక్క క్షణం తడబడి, మళ్లీ అందుకుంది. అత్తగారి ముందు అతన్ని 'మీరు' అనాలని తను పెట్టుకున్న నియమం గుర్తొచ్చి ఆమె నాలిక కరుచుకుంది.

"అమ్మని చూడు," అన్నాడతను గొంతు తగ్గించి. "నాన్న పోయాక పది నెలలు మిషను మీద గుడ్డ కప్పే ఉంచింది. ఇప్పుడు చూడు ఎలా తొక్కుతోందో. ఒక్క ఇంగ్లీషు మాత్ర మింగిందా? అంతా ఆ గోళీల మహిమే."

మిషను బల్ల మీద, బొత్తాల డబ్బాల పక్కన గోధుమరంగు సీసా ఉంది. దాని మీద 'మనసుకు హాయి, పూర్తిగా మూలికలతో' అని ఆకుపచ్చ అక్షరాలు. కళ్లజోళ్ల షాపులో ఉద్యోగం వచ్చినప్పటి నుంచి నెలకో సీసా చొప్పున ఆరేళ్లుగా అతనే తెచ్చిపెడుతున్నాడు. చూపు పరీక్షకు వచ్చినవాళ్లకు కూడా దాని గురించి చెప్పి పంపుతాడు.

ఆ ఇంట్లో అత్తగారు ఎవర్నీ ముట్టుకోనివ్వనివి రెండే రెండు. ఒకటి ఆ సీసా, పరాయి చెయ్యి పడితే గుణం పోతుందంటుంది. రెండోది బాల్కనీలో గులాబీ కుండీ. నీళ్లు కూడా తనే పోయాలి. కోడలు పొద్దున్నే లేచి దూరం నుంచి మొగ్గలు లెక్కపెట్టుకుంటుంది. ఇవాళ పంతొమ్మిది. అంత చిన్న కుండీలో అన్ని మొగ్గలేమిటో అని రోజూ భర్తని లాక్కొచ్చి చూపిస్తుంది.

"అమ్మా, ఇవాళ్టి నుంచి తనకీ నీ గోళీలే," అన్నాడతను. "సాయంత్రం ఇంకో సీసా తెస్తాలే. ఇప్పటికి నీదాంట్లోంచి ఒకటివ్వు."

మిషను ఆగింది.

"నా సీసా జోలికి రావద్దు. దాని మాత్ర దాన్ని వేసుకోనివ్వరా."

"నీకు పనిచేసింది తనకి చెయ్యదా? కోడలికి ఒక్క గోళీ ఇవ్వలేవా?"

కోడలి మనసు చివుక్కుమంది. తనకి బంగారు గాజులు తీసి తొడిగిన మనిషి, ఒక్క ఆకుగోళీకి వెనకాడుతోంది.

"పెళ్లి హడావిడిలో నాలుగు రోజులు మర్చిపోతే తల గిర్రున తిరిగింది," అంది భర్తతో మెల్లగా. "భయమేస్తోంది."

అతను వచ్చి ఆమె ఎదుట మోకాళ్ల మీద కూర్చున్నాడు. కళ్లలో బెంగ, జుట్టు నిండా నిద్ర. "ఒక్క నెల. నువ్వు మందుల మీద బతక్కూడదనే కదా నా బాధ. నాకోసం."

ఆ 'నాకోసం' దగ్గర ఆమె వేళ్లు వదులయ్యాయి. షీటు అతని చేతిలోకి వెళ్లింది.

అత్తగారు కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. సీసా మూత తీసి, కత్తిరించిన గుడ్డల మీద బోర్లించింది. ఆకుపచ్చ గోళీలు కావవి. చిన్న చిన్న తెల్ల మాత్రలు, మధ్యలో సన్నటి గీతతో. కొన్ని దొర్లుకుంటూ పోయి బొత్తాల్లో కలిశాయి. అవి ఎలాంటి మాత్రలో కోడలికి ఒకరు చెప్పక్కర్లేదు.

"దానివి ఇరవై మిల్లీగ్రాములు, నావి పది. అంతే తేడా," అంది అత్తగారు. "అదే డాక్టరమ్మ."

అతను మోకాళ్ల మీద ఉన్నవాడు అలాగే ఉండిపోయాడు. "ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. మొదటి జీతంతో సీసా తెచ్చి, కళ్లింత చేసుకుని, నాకోసం వేసుకోమ్మా అన్నావు. కాదనడానికి నోరు రాలేదు. డాక్టరమ్మేమో ఈ మాత్రలతో కలిపి అవి మింగితే ప్రమాదమంది. నీకు చెప్పలేక, అవి పారబోసి ఇవి పోసుకున్నాను. ఇప్పుడు దానికీ నోరు రాలేదు, చూశాను. నేనైతే మానలేదు. అది మానేసేది."

అతను లేచి, నలిగిన షీటును వేలితో సాపు చేసి, ఒక మాత్ర నొక్కి భార్య అరచేతిలో పెట్టాడు. గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. ఆమె మింగేదాకా ఆ గ్లాసు అడుగు పట్టుకునే ఉన్నాడు.

"ఊరందరికీ కళ్లజోళ్లు బిగిస్తాడు," అంది అత్తగారు కోడలితో, మాత్రలు ఏరుకుంటూ. "ఇంట్లోదే కనపడదు."

అతను సిగ్గుపడుతూనే నవ్వాడు. తర్వాత ఏదో గుర్తొచ్చి వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. "అమ్మా, ఆరేళ్లు, నెలకో సీసా. మరి అవన్నీ ఎక్కడ పారబోశావు?"

అత్తగారు కిటికీ బయటికి, పంతొమ్మిది మొగ్గల వైపు చూసింది.

"ఒకటి మాత్రం నిజంరా నాన్నా. ఆ మొక్క ఈ ఆరేళ్లలో ఒక్కరోజు కూడా దిగులుగా లేదు."