ఎదురు చుట్టు

తస్లీమ్ రెండో చుట్టు తిరగేసి చుడుతోంది.

మంచంలో ఉన్న తండ్రి మీరా సాహెబ్ కంట అదే పడింది. ఇరుసుకు ఒకపక్క రాగితీగను ఎటు తిప్పి చుడితే రెండోపక్కా అటే చుట్టాలి. ఎదురు చుడితే ఒకదాని బలాన్ని ఒకటి తినేస్తాయి. మోటారు మూలుగుతుంది తప్ప తిరగదు.

సత్తెనపల్లి చుట్టుపక్కల మిరప చేలల్లో కాలిపోయిన మోటార్లన్నీ ఒకప్పుడు ఆయన వైండింగ్ షాపుకే వచ్చేవి. అక్కడ ఎవడైనా ఇలా చుట్టాడో, వీపు విమానం మోతే.

ఇప్పుడు చెయ్యి లేవదు, నోరు పెగలదు. పక్షవాతం కుడిచేతినీ మాటనూ ఒకేసారి పట్టుకుపోయింది.

గొంతు బాగానే ఉంది, మాటే రావాలి అన్నాడు డాక్టరు. ఇక వీధివాళ్ళంతా చంటిపిల్లాడికి నేర్పినట్టు "నీళ్ళు అను బాబాయ్, బువ్వ అను" అంటూ వెంటపడ్డారు. ఆయనకు సిగ్గేసింది. గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. ప్రయత్నించడమే మానేశాడు.

"రేపు కాలేజీలో ఈ బుల్లి మోటారును అందరి ముందూ తిప్పి చూపించాలి అబ్బా. మీరా సాహెబ్ కూతురివి, నీ మోటారే ముందు తిరగాలన్నాడు మా సారు," అంది తస్లీమ్ తండ్రితో.

ఆడపిల్ల చేతికి ఈ మసెందుకని పిల్లను ఆయన ఏనాడూ తీగ ముట్టనివ్వలేదు. క్యారేజీ తెచ్చి, ఆయన తినేదాకా షాపులో ఓ మూల కూర్చుని వెళ్ళిపోయేది. కాస్త నేర్పి ఉంటే రేపు ఈ తలవంపులు తప్పేవి కదా అని కుమిలిపోయాడు.

"సరిగ్గానే చుడతన్నావా?" వంటింట్లోంచి తల్లి మహమూదా అడిగింది.

"చానా బాగా వస్తందమ్మీ. అబ్బా ఏమీ అనట్లేదుగా."

ఆయనకు ఒళ్ళు మండింది. కళ్ళతో సైగ చేశాడు. పిల్ల చూడలేదు. ఎడమచేత్తో మంచంపట్టె మీద కొట్టాడు.

"దోమలా అబ్బా?" అని ఫ్యాను పెంచింది. మళ్ళీ కొట్టాడు. దుప్పటి కప్పింది. తిరిగొచ్చి ఆయన కళ్ళెదురుగానే కూర్చుని, మళ్ళీ అదే ఎదురు చుట్టు.

ఇంతకాలం ఎవరికీ చూపించని కన్నీళ్ళు చెంపల మీదికి కారిపోయాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు. చుట్టడం అయిపోవచ్చింది. తీగ కోయడానికి తస్లీమ్ కత్తెర తీసింది.

"ఉల్... టా."

కత్తెర ఆగిపోయింది. వంటింట్లో గిన్నె కిందపడింది.

"ఉల్టా," అన్నాడు మీరా సాహెబ్ మళ్ళీ, రొప్పుతూ. "మొద్దూ."

తస్లీమ్ వెక్కివెక్కి ఏడుస్తూనే మంచం కింద చెయ్యి పెట్టి, పోయిన వారమే తను సరిగ్గా చుట్టి తిప్పి చూసుకున్న మోటారును తీసి ఆయన ఎడమచేతిలో పెట్టింది.