అంబాజీపేటలో ఆగిన వ్యాను

కొబ్బరికాయల లారీల మధ్యకి ఆ వ్యాను వచ్చి ఆగగానే మెకానిక్ ధనరాజు చేతిలో పానా పక్కన పెట్టేశాడు.

ఎత్తు టైర్లు, నెత్తిన సోలార్ పలకలు, వెనక తలుపుకి ఇనప నిచ్చెన. అలాంటి బండి కోనసీమలో ఎప్పుడూ చూడలేదు.

దిగినావిడకి అరవై దాటి ఉంటాయి. తెల్లజుట్టు, నేత చీర, కాళ్లకి బూట్లు. పేరు రేచల్ అని చెప్పింది. వెంట ఎవరూ లేరు.

ఇసకలో ముందు చక్రాలు మొరాయిస్తున్నాయట. ఫోర్ వీల్ లివరు వేసినా వెనక చక్రాలే తిరుగుతున్నాయట.

ధనరాజు కిందకి దూరి చూశాడు. లోపల గేర్లను కలిపే ఫోర్క్ అరిగిపోయింది. షెడ్డు వెనక పడున్న పాత జీపులో అదే ఫోర్క్ ఉంది. తీసి బిగిస్తే మధ్యాహ్నానికి బండి తయారు.

ఆవిడ వెనక తలుపు తియ్యకపోయి ఉంటే ఆ మాటే చెప్పేవాడు.

లోపల ఓ చిన్న ఇల్లే ఉంది. మడిచిపెట్టుకునే బల్ల, గ్యాసు పొయ్యి, నీళ్ల ట్యాంకు, సోలార్‌తో తిరిగే ఫ్యాను. కిటికీ వారన పరుపు వేసిన మంచం.

ధనరాజు దగ్గరా ఒక పాత వ్యాను ఉంది. దాన్ని ఇలా తయారుచేసి భార్య యామినిని దేశం తిప్పాలని ఎన్నేళ్లుగానో ఆశ. ఎలా చెయ్యాలో తెలియక ఆగాడు. ఇప్పుడు చూసి నేర్చుకోడానికి బండే ఇంటికొచ్చింది. ఒక్క పూట ఆపుకుంటే ఏం పోతుందనిపించింది.

"సామాను రాజమండ్రి నుంచి రావాలండి. రేపవుద్దండి," అన్నాడు.

"ఇవాళే అయ్యే దారేమైనా ఉందాండీ?"

"లేదండి."

ఆవిడ బతిమాలలేదు. పక్కకెళ్లి ఎవరితోనో ఫోన్లో నెమ్మదిగా మాట్లాడి వచ్చింది.

ఆ రోజంతా ధనరాజు టేపు పట్టుకుని వ్యానులోనే ఉన్నాడు. యామినినీ పిలిచి చూపించాడు. వైర్లు ఎటునుంచి లాగాలో, కుదుపులకి గిన్నెలు దొర్లిపోకుండా ఎలా అమర్చాలో వాళ్లు అడిగినదల్లా రేచల్ ఓపిగ్గా చెప్పింది. ఇద్దరికీ టీ కాచి ఇచ్చింది.

ఒకటే అర్థం కాలేదు. ఆవిడ మంచం మీద పడుకోదట. నిద్రంతా ముందు సీట్లోనేనట.

"ఇంత మంచి మంచం పెట్టుకుని ఇదేంటండీ?" అంది యామిని.

"అది చుట్టాలకమ్మా."

ఏ చుట్టాలని అడగబోతే, నవ్వి, ఆత్రేయపురం పూతరేకుల కబుర్లలోకి దింపేసింది.

మర్నాడు ధనరాజు జీపులోని ఫోర్క్ తీసి బిగించాడు. అది రాజమండ్రి నుంచి వచ్చిందనే ఆవిడ అనుకుంది.

ఇసకలో నడిపి చూసేదాకా తోడు రమ్మని అడిగింది. కొత్తపేటలో ఓ చుట్టాన్ని ఎక్కించుకుని, అంతర్వేది ఇసక దిబ్బల్లోకి వెళ్లాలంది. ధనరాజు ఉత్సాహంగా ఎక్కాడు. ఆ చుట్టమెవరో చూడాలని అతనికీ ఉంది.

దారిలో గుంత కనబడితే చాలు, చంకలో పసిపిల్ల నిద్రపోతున్నట్టు బండిని మెల్లగా దాటించేది. అంత నెమ్మది ఎందుకో ధనరాజుకి అర్థం కాలేదు.

కొత్తపేటలో ఒక పెంకుటింటి ముందు ఆపింది. గుమ్మం దగ్గర జనం. లోపల్నుంచి ఏడుపు.

ఆవిడ చేతులు కాసేపు స్టీరింగు మీదే ఉండిపోయాయి. తర్వాత దిగి, బూట్లు విప్పి లోపలికెళ్లింది.

కొంతసేపటికి ఆ ఇంటావిడ మరిడమ్మ కళ్లు తుడుచుకుంటూ బండి దగ్గరికి వచ్చింది. తండ్రి ముత్యాలరాజు ఇందాకే పోయాడని చెప్పింది. అంతర్వేదిలో చేపల వేటకెళ్లే మనిషట. మంచాన పడ్డాక తన దగ్గరికి తెచ్చుకుందట.

ధనరాజు బండి దిగాడు.

"రేచల్‌గారు మీకేమవుతారమ్మా?"

"ఏమీ కారండి. లేవలేనోళ్లు కడసారి ఏం చూడాలంటే అది చూపించడానికి ఊరూరా తిరుగుతారండి. గోదారి సముద్రంలో కలిసే చోటికి తీసుకెళ్తానన్నారని మా నాన్న నిన్నంతా వాకిలికేసే చూస్తా ఉన్నారండి."