ఛార్జరులో ఫాల్టు

"రెండు గంటలైంది, ఇంకా ముప్పై శాతమే!" అన్నాడు రాజబాబు. పెట్రోలు ఇంజను పీకేసి, తానే మోటారు, బ్యాటరీలు బిగించుకున్న పాత కారు అది.

ఆఫీసు నుంచి ఇంటిదాకా దాని ఛార్జింగు చాలదు. దారిలో గరాచర్మలో ఉన్న అక్క ఇంట్లో రోజూ ప్లగ్గు పెట్టక తప్పదు.

"ఛార్జరే ఖరాబైందక్కా. ఈ వారంలో రెండుసార్లు విప్పి చూశాను."

"కరెంటు పోయిందేమోరా. ముందు చాయ్ తాగు," అంది సంతోషకుమారి.

రాజబాబు తలెత్తాడు. వరండాలో ఫ్యాను జోరుగా తిరుగుతోంది. వైరు వెంబడే లోపలికి నడిచాడు. ప్లగ్గు బాగానే ఉంది. స్విచ్చే ఆపేసి ఉంది.

"అక్కా, ఇది నువ్వేనా?"

"ఎనిమిదేళ్ల నుంచి ఇంట్లో ప్రార్థనకి పిలుస్తున్నా. టైం నహీ హై అక్కా అనేవాడివి. ఈ డబ్బా కోసం రోజూ రెండు గంటలు కూర్చుంటున్నావు. నాకోసం ఇంకో గంట కూర్చుంటే అరిగిపోతావా?"

అంతలో ఫోను మోగింది. భార్య అబిగేలు.

రాజబాబు స్విచ్చు వైపు చూశాడు. దాన్ని ముట్టుకోకుండానే వచ్చి, చాయ్ గ్లాసు అందుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"లేటవుద్ది అబిగేలూ," అన్నాడు ఫోనులో. "ఫాల్టు ఎక్కడుందో ఇంకా దొరకలేదు."