కందిపప్పు నిండుకుంది

ఇప్పుడు ఏ పంటకైనా ధర పలికేది మనుషులు కాదు, ధరవాణి అనే యంత్రం. ప్రతి వంటింట్లోనూ దానికో చెవి ఉంటుంది. ఏ సరుకు తక్కువైందో ఇల్లాళ్ల మాటల్లోనే పసిగట్టి, మార్కెట్ యార్డు తెర మీద రేటు కడుతుంది.

యార్డులో తన కందుల బస్తాల పక్కన అటూ ఇటూ తిరుగుతున్న రైతు నాసరయ్య ముఖం కందిపోయింది. ఊళ్లో ఏ ఇంట్లోనూ పప్పు లేదు, అయినా తెర మీద ధర జారిపోతోంది. అది గిట్టుబాటు ధరో, తను గిట్టడానికి బాటో అతనికి అంతుపట్టలేదు.

"ఎందుకమ్మా ధర దించతన్నావు?" అనడిగాడు.

"అన్ని ఇళ్లలోనూ పప్పు నిండుకుందంటున్నారండీ. ఇల్లు నిండినవాళ్లు కొనరు కదా!" అంది ధరవాణి.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నిండుకుందంటే అయిపోయిందనే!"

"బేరం అయిపోయిందా? ఖాయం చేయమంటారా?"

"వద్దు తల్లీ!" అని దణ్ణం పెట్టి, భార్యకు ఫోన్ చేశాడు. "ఆదెమ్మా, వంటింట్లో నిలబడి పప్పు లేదని గట్టిగా అరువు. తర్వాత వీధి వీధంతా అనిపించు!"

"పొయ్యి దగ్గర లేదనే మాటా? లచ్చిందేవి ఎళ్లిపోద్దయ్యా!"

"ఈడ యార్డులోంచే ఎళ్లిపోతందే!"

ఆదెమ్మ గొంతు సవరించుకుంది. "మా ఇంట్లో పప్పు... లే... లే..." అంటుండగానే నాలుక మడతపడింది. "లేకేం, లచ్చనంగా నిండుకుంది!"

తెర మీద ధర మరో మెట్టు దిగింది.