నాలుగు టైర్ల గాలి

"ఇది తీస్కపో భాయ్. ఇంజన్ స్టార్ట్ చెయ్యి, ఈ క్లిప్పులు బ్యాటరీకి పెట్టు. నాలుగు నిమిషాలకో టైరు" అన్నాడు సారంగపాణి.

మట్టెవాడలో బండ్ల సామాన్ల దుకాణం అతనిది. బల్లమీద అయిదు రకాల గాలి కొట్టే మిషన్లు పరిచి ముప్పావుగంట దాటింది. ఎదురుగా నిలబడ్డ మరిపెడ నబీ మాత్రం ఇంకా ఏదీ తేల్చలేదు.

"ఇంజన్ స్టార్ట్ చెయ్యకుంట నడిచేది గావాలన్నా."

"ఎందుకు?"

"గంతే."

సారంగపాణికి తిక్క లేచింది. కొనేది ఒకటి, తీసే ఆరాలు వంద. అయినా గిరాకీ కదా! కోపం మింగి, అరచేతిలో పట్టేంత చిన్న మిషను తీశాడు.

"ఇది ఛార్జింగ్‌ది. ఇంజన్‌తోని పనిలేదు. నీది ఏం బండి?"

"జీపు. ఫోర్ వీల్ డ్రైవ్. టైర్లు పెద్దయి."

"అయితే దీంతోని కాదు. ఇది కార్లకు. రెండు టైర్లు కొట్టంగనే వేడెక్కుతది. అరగంట సల్లారబెట్టాలె."

"అరగంటనా? నాకు ఇరవై నిమిషాలల్ల నాలుగూ అయిపోవాలె. జర చూడన్నా."

అది తొందర కాదు, భయం. ముందు ఎడమ టైరు వారానికే దిగిపోతోంది. మొన్నొకసారి చేతిపంపుతో కొడితే మూడింటికే రెక్కలు పడిపోయాయి. నాలుగోదైన ఆ టైరును అలాగే వదిలేశాడు. మళ్లీ చూసేసరికి రిమ్ము నేలకు ఆనింది, టైరు పక్కన పగులు పట్టింది. ఇంకోసారి అలా అయితే ఆ టైరు చేతికి రాదు. కొత్తవి వేయించే తాహతు నబీకి ఈ జన్మకు లేదు. ఉన్న ఆస్తి అంతా ఆ జీపే.

ఫోన్ మోగింది. భార్య రజియా.

"దొరికిందా?"

"చూస్తాన."

"మంచిదే తీస్కోండ్రి. టైర్లు పోతె బండి పోయినట్టే. బండి పోతె మనం పోయినట్టే."

ఆమె గొంతు దుకాణమంతా వినిపించింది. సారంగపాణి కాస్త మెత్తబడ్డాడు.

"మీ దిక్కు పంక్చర్ దుకాణం లేదా?"

"ఉన్నది. బండి ఆడిదాక రాదు."

"ఆయన్నే బండి కాడికి పిలువు."

"ఆయన రాడన్నా."

చెప్పడం ఆపి నబీ తుమ్మాడు. వెంటనే సారంగపాణి కూడా తుమ్మాడు. నబీ అంగీ భుజాల నిండా మిరప దుమ్ము.

"మిర్చి యార్డుల హమాలీ పనా?"

"ఆఁ."

"జీపున్నోనివి, మూటలు మోసుడేంది?"

నబీ బల్లమీది మిషన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

సారంగపాణి చివరిదాన్ని ముందుకు జరిపాడు. రెండు సిలిండర్లది. ఇనుప బాడీ. ట్యూబు పొడుగ్గా ఉంది, వెనక చక్రాలదాకా అందుతుంది.

"నీకు ఇదే సరైంది. ఇరవై నిమిషాలల్ల నాలుగూ అయితయ్. జీపు బ్యాటరీ మంచిగున్నదా?"

"బ్యాటరీ లేదు. ఎవడో పీక్కపోయిండు."

"మరి కొత్తది ఏయించలే?"

"ఏయిస్తె గూడ పీక్కపోతరు. విడిగ ఒక బ్యాటరీ సంచిల ఏస్కపోత. సప్పుడు ఎంతొస్తదన్నా? చుట్టుపక్కలోళ్లు గులుగుతరు."

సారంగపాణి చేయి ఆగింది. మిషన్ను మెల్లగా తన వైపు లాక్కున్నాడు. ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దు. బ్యాటరీ లేదు. చప్పుడు రావద్దు. ఇరవై నిమిషాల్లో పని ముగిసిపోవాలి. ఇన్నేళ్ల దుకాణంలో ఇలాంటి బేరం ఎన్నడూ తగల్లేదు.

"భాయ్, ఏమనుకోకు. ఆ బండి నీదేనా?"

నబీ ముఖం మాడిపోయింది. జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఆర్సీ చూపించాడు. పక్కన ఆధార్ కార్డు పెట్టాడు. పేరు అదే, తండ్రి పేరు అదే. సారంగపాణి రెండుసార్లు చదివాడు. అయినా మనసు ఒప్పలేదు.

"నీ బండికి నువ్వు గాలి కొట్టనీకి గింత చాటుమాటు ఎందుకే? సంగతి చెప్పు. లేకుంటె మిషన్ ఇయ్యను. రేపు ఏమన్నయితె నా దుకాణం పేరు బయటికొస్తది."

"అన్నా, అట్లనకు! రేపే ఆయ్తారం, ఆడ పెద్దోళ్లు ఉండని రోజు. రేపు తప్పితె మళ్ల వారందాక కుదరదు. అప్పటికి టైరు ఉండదు."

"అయితె చెప్పు మరి."

నబీ దుకాణం బయటికి చూశాడు. లోపలికి చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. బస్తాలకు బస్తాలు మోసే మనిషి గాలి మిషను కోసం అలా నిలబడి ఏడుస్తుంటే సారంగపాణికి జాలేసింది. తన మీద తనకే కోపమూ వచ్చింది. అనుమానం మాత్రం పోలేదు.

"ఏడ్వకు. కూసో" అంటూ స్టూలు జరిపాడు. "నేను ఎవ్వలకు చెప్ప. ఆ జీపు ఇప్పుడు ఏడున్నది?"

నబీ కూర్చోలేదు. మిరప దుమ్ము అంటిన చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు. మంట పుట్టి నీళ్లు ఇంకా ఎక్కువయ్యాయి.

"మేడారం జాతరకు మొక్కు బెల్లం ఏస్కోని పోతాంటె, గుడుంబ సారా కాసే బెల్లమని పట్టుకోని, కేసు తెగేదాక సాక్ష్యం అనుకుంట నాలుగేండ్ల సంది పోలీస్ స్టేషన్ల నిలవెట్టిన్రన్నా."