పచ్చ అంగీ

“సేట్, నీలం అంగీ ఎక్కడున్నది?”

పక్కన కంచె పట్టుకుని నిలబడ్డ ముసలాయన అడిగాడు.

వైకుంఠం విసుక్కున్నాడు. గుర్రాలు మలుపు తిరుగుతున్నాయి. అతని డబ్బంతా ఎర్ర అంగీ జాకీ ఎక్కిన గుర్రం మీద ఉంది. గుర్రపు యజమానికో రంగు, దాన్ని ఎక్కే జాకీకి ఆ రోజుకు ఆ రంగు అంగీ.

“నీ కండ్లకేమైంది చాచా?”

“శుక్లాలు. రంగులన్నీ గలిసిపోతయి.”

“ముంగటనే ఉన్నది, పో.”

నీలం అంగీ మొదట వచ్చింది. దాన్ని ఎవరూ నమ్మలేదు గనుక రూపాయికి పన్నెండు ఇచ్చారు. ఎర్ర అంగీ ఎక్కడో వెనక వచ్చింది.

వైకుంఠానికి బేగంబజార్‌లో ఇత్తడి సామాన్ల దుకాణం. యుద్ధం వచ్చి సరుకు దొరక్క బేరాలు తగ్గాక ఈ శనివారాలు మొదలయ్యాయి. తక్కువ బరువు మోసే గుర్రం మీద పెట్టి చూశాడు. ఓడిన ప్రతిసారీ రెట్టింపు పెట్టి చూశాడు. పోయిన నెల భార్యకు తెలియకుండా ఆమె కాసులపేరు తాకట్టు పెట్టాడు. మెరుగు పెట్టించడానికి ఇచ్చానని చెప్పాడు.

“ఆ కంసాలి కాశికి పోయిండా ఏంది?” అని ఆండాలు రోజూ అడుగుతోంది. శుక్రవారం ఆమె అన్న కొడుకు పెళ్ళి.

“ఆ ముసలాయన ఎవరే?” తిరిగి వస్తూ టాంగాలో అమరనాథ్‌ని అడిగాడు. పక్క దుకాణం అతనిది. గుర్రాల వయసు, బరువు అన్నీ పుస్తకంలో రాసుకుంటాడు.

“గులాం నబీ అంట. పురానాపూల్ అవతల ఉంటడు. ఎన్నడూ టికెట్ కొనడు.”

“కొననోడు ఎందుకొస్తడు?”

“లోపలి ఖబర్ ఉన్నోడే కొనడు. కొనొద్దని నియమముంటది.”

“అయితే నీ పుస్తకం మూసెయ్యన్నా. గుర్రాల కన్న అదే ఎక్కువ ఉరుకుతది, పైసలు మాత్రం తేదు.”

మరుసటి శనివారం ముసలాయన పసుపు అంగీ గురించి అడిగాడు. ఎవరూ లెక్కచెయ్యని ఆ గుర్రం మూడోది వచ్చింది. వైకుంఠానికి నమ్మకం కుదిరింది. చాయ్ తెచ్చి చేతిలో పెట్టాడు.

“చాచా, వచ్చే వారం ఏ రంగు?”

“ఆ రోజుకు గాని నాకూ తెల్వది.”

“ఎవరు చెప్తరు నీకు?”

ముసలాయన నవ్వి చాయ్ ఊదుకున్నాడు. “పైసల కోసమైతే నన్నడగకు సేట్. నిన్ను ముంచినోన్నైత.”

మూడో శనివారం వైకుంఠం దగ్గర మిగిలింది వంద రూపాయలు.

“ఇయ్యాల పచ్చ అంగీ,” అన్నాడు ముసలాయన, వైకుంఠం అడగకముందే. కంచెను రెండు చేతులా పట్టుకున్నాడు. “ఆ గుర్రం ముంగటి కాలు బాగలేదంట. పొద్దుగాల్నుంచి కుంటుతున్నదంట. వద్దన్నా ఎక్కక తప్పదన్నరంట.”

వైకుంఠం మిగతాది వినలేదు. అందరూ పచ్చ అంగీ మీదే పెడుతున్నారు. అతను పరుగెత్తి వెళ్ళి, పచ్చ తర్వాత గట్టిదని పేరున్న తెల్ల అంగీకి వంద రూపాయల టికెట్ కొన్నాడు.

ఆఖరి మలుపు దాకా పచ్చ అంగీయే ముందుంది. మలుపులో గుర్రం మోకాళ్ళ మీద కూలింది. వెనక వచ్చే గుర్రాలు మీద నుంచే పోయాయి. తెల్ల అంగీ మొదట వచ్చింది.

“గెలిచినం చాచా,” వైకుంఠం ముసలాయన భుజాలు పట్టి ఊపాడు.

“పచ్చ అంగీ?”

“పడ్డది. నువ్వు జెప్పినట్టే.”

ముసలాయన అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. “పిల్లగాడు లేచిండా?”

డబ్బులిచ్చే కిటికీ దగ్గర వరుస పెరుగుతోంది. వైకుంఠం మలుపు వైపు తిరిగి చూడలేదు.

“లేచిండు, లేచిండు. బట్టలు దులుపుకుంటున్నడు.”

“కండ్లార జూసినవా?”

“చూసిన చాచా.”

ముసలాయన పట్టు వదిలాడు. “అల్లా నిన్ను సల్లగ జూడాలె సేట్.”

గురువారం కాసులపేరు ఇంటికొచ్చింది. శుక్రవారం ఆండాలు అది వేసుకుని పెళ్ళంతా కలయతిరిగింది.

శనివారం వైకుంఠం కలాకంద్ పొట్లం పట్టుకుని మైదానానికి వెళ్ళాడు. కంచె దగ్గర ముసలాయన లేడు. గేటు దగ్గర కాపలా ఉండే బాబూమియాను అడిగాడు.

“గులాం నబీ చాచా రాలేదా?”

“ఇగ రాడు సేట్.”

“పానం బాగలేదా?”

“పోయిన శనివారం ఈ బల్ల మీదనే కూసున్నడు, దీపాలు వెట్టేదాక. దవాఖానకు పో చాచా అని ఎంత జెప్పినా వినలే. ఓ సేట్ కండ్లార జూసి చెప్పిండు, ఆయనకు అబద్ధమాడే పనేంది అన్నడు.”

వైకుంఠం పొట్లాన్ని రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

“ఎవరి కోసం కూసున్నడు?”

బాబూమియా తల వంచుకున్నాడు. “ఎవ్వరికీ చెప్పుకోకపోతుండె. తెలిస్తే పందెమోళ్ళు ఖబర్ కోసం సతాయిస్తరని.”

వైకుంఠం పొట్లాన్ని బల్ల మీద పెట్టాడు.

“ఆ పచ్చ అంగీ పిల్లగాడు, అన్వర్, ఆయన కొడుకు సేట్, దవాఖానల పానం పోయేదాక మా అబ్బా వచ్చిండా, అబ్బా వచ్చిండా అని అడిగిండంట.”