రెండో గీత

"ఇది మూడోసారి. ఇక ఈ ల్యాబులో నీకు పని లేదు," అంది మేడమ్.

అటెండర్ తల వంచుకుని నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. కణాల్ని పెంచే గదిలో స్టూలు మీద తూగుతూ మేడమ్ కంటబడిన రోజు నుంచి అందరూ అతన్ని కునుకు బాబాయ్ అనే పిలుస్తున్నారు.

"దేవుడి మీద ఒట్టు మేడమ్, నేను నిద్రపోలేదు. ఆ గదిలో కూర్చుంటే తల దిమ్మెక్కిపోతోంది. ఇంట్లో పగలు పడుకోమన్నా నాకు కన్ను మూత పడదు. మా ఆవిడ నన్ను గుడ్లగూబ అంటుంది."

"ఇంట్లో గుడ్లగూబవి, ఇక్కడికొస్తే కోడికునుకా?"

"మెట్ల మీదికొస్తే బాగానే ఉంటోంది మేడమ్."

"పని లేని చోట ఎవరికైనా బాగానే ఉంటుంది."

మేడమ్ ఒక కాగితం తీసి, పక్కనే ఎక్స్‌రే ఫిల్మ్ పట్టుకుని నిలబడ్డ పరిశోధక విద్యార్థిని వైపు తోసింది. "నిన్న నువ్వూ చూశావుగా? సంతకం పెట్టు."

చూసిన మాట నిజమే. గోడకి తల ఆనించి నోరు తెరుచుకుని ఉన్నాడు బాబాయ్. కాగితంలో ఉన్నదీ అదే: 'నోరు తెరుచుకుని నిద్రపోతుండగా.' అమ్మాయి అతని మొహం చూడకుండా సంతకం పెట్టేసింది.

"ఇప్పుడు నీ సంగతి చెప్పు. ఏదీ ఫిల్మ్?"

అమ్మాయి ఫిల్మ్‌ని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టింది. ఆక్సిజన్ తగ్గిన కణాల్లో మాత్రమే నిలిచి ఉండే ప్రోటీన్ ఒకటుంది. దాన్ని వెతికి పట్టుకునేది యాంటీబాడీ. అది పట్టుకున్న చోట ఫిల్మ్ మీద నల్ల గీత పడుతుంది. మూసిన డబ్బాలోకి నైట్రోజన్ పంపి, ఆక్సిజన్ లేకుండా ఉంచిన కణాలకి గీత రావాలి. మామూలు గాలిలో పెరిగిన కణాలకి రాకూడదు.

ఫిల్మ్ మీద రెండు గీతలున్నాయి.

"మళ్ళీ రెండో గీత!" మేడమ్ తల పట్టుకుంది. "నెల్లాళ్ళ నుంచీ ఇదే వరస. ఈ యాంటీబాడీ ఒట్టి అబద్ధాలకోరు."

"ఇది కొత్త సీసా మేడమ్. పోయిన వారమే వచ్చింది."

"పాత సీసా, కొత్త సీసా రెండూ ఒకే కుందేలు రక్తంలోంచి తీసినవే కదా. దానికి పుట్టిన బుద్ధులే దీనికీ."

బాబాయ్ గది తాళంచెవి బల్ల మీద పెట్టాడు. "సారీ బాబాయ్," అని గొణిగింది అమ్మాయి.

"నువ్వేం చేస్తావులే తల్లీ. మేడమ్ ఆ గీతనీ నమ్మటం లేదు, నన్నూ నమ్మటం లేదు."

కొత్త మనిషి అప్పటికే వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, బిగించి కట్టిన బూట్లు. బ్యాంకులో ఇరవయ్యేళ్ళు రాత్రి కాపలా కాసిన మనిషి. ఒక్కరోజు కూడా కునుకు తీయలేదని రాసి ఇచ్చారట.

పని అప్పజెప్పకుండా వెళ్ళడం బాబాయ్‌కి చేతకాలేదు. కణాల గది తలుపు దగ్గర నిలబడి అన్నీ చూపించాడు. "అరగంటకోసారి ఈ డబ్బా మీద ముల్లు చూసి పుస్తకంలో రాయాలన్నయ్యా. ఇదివరకు నైట్రోజన్ సిలిండర్ నెల వచ్చేది, ఇప్పుడు పది రోజులకే ఖాళీ అయిపోతోంది, ఓ కన్నేసి ఉంచు. తలుపు మాత్రం జానెడు తీసి పెట్టుకో."

"తలుపు తీస్తే ఊరుకునేది లేదు!" మేడమ్ గట్టిగా అరిచింది. "బూజు లోపలికొచ్చి కణాలన్నీ చచ్చాకే కదా సందులన్నిటికీ రబ్బరు పట్టీలు వేయించాను? వేసింది నువ్వేగా?"

"నేనే మేడమ్." బాబాయ్ సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగాడు. మూడో మెట్టు మీద ఆగి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయాడు.

"మీరు నిశ్చింతగా ఉండండమ్మా. నా కన్ను మూత పడదు," అని కొత్తాయన లోపలికెళ్ళాడు. అతని వెనక తలుపు చప్పుడు లేకుండా అతుక్కుంది.

భోజనాలయ్యాక యాంటీబాడీ కంపెనీకి ఫోన్ కలిపింది అమ్మాయి. మేడమ్ స్పీకర్ పెట్టించి, దులపవలసినదంతా దులిపింది. అవతలి మనిషి ఓపిగ్గా విన్నాడు.

"కణాల్ని ఎక్కడ పెడుతున్నారు మేడమ్?"

"రెండూ ఒకే గదిలో అండీ," అంది అమ్మాయి. "ఒక ప్లేటు నైట్రోజన్ డబ్బాలో. రెండోది దాని పక్కనే, గది గాలి ఆడే ఇంక్యుబేటర్‌లో. అటెండర్ స్టూలు దగ్గర."

"అయితే ఒకసారి చూసుకోండి. మా యాంటీబాడీ నిజమే చెప్తోందేమో. ఆ రెండో ప్లేటుకీ ఊపిరాడటం లేదేమో."

మేడమ్ పకపకా నవ్వింది. "బాగా చెప్పారు! గదిలో గాలికి కరువేమిటండీ? అక్కడ మనిషి కూర్చుని ఉన్నాడు!"

అమ్మాయి నవ్వలేదు. ఆమె చూపు బల్ల మీది కాగితం మీద, తన సంతకానికి పైనున్న వాక్యం మీద ఆగిపోయింది.

అప్పుడే తుడిచే ఆయమ్మ చీపురు చేత్తో పట్టుకునే తలుపు దగ్గరికొచ్చింది.

"మేడమ్ గారూ, ఆ కొత్తాయన కూడా స్టూలు మీదే నిద్రపోతున్నాడండీ. ఎంత లేపినా లేవటం లేదు."